సముద్రరాజు భార్య కథ ఎక్కడ పుట్టింది?

ఇహువోమను పెళ్లాడిన ఎమెనికె చనిపోయాడు. ఆమె మీద కన్నేసిన మదుమె చూపు పోగొట్టుకుని ఉరేసుకున్నాడు. ఆమెనే చేసుకుంటానని పట్టుబట్టిన ఎక్వుయెమె, పెళ్లికి ఉన్న చివరి అడ్డంకి తొలగాల్సిన రాత్రే బాణం దెబ్బకు ప్రాణం విడిచాడు. ఇన్ని చావులకూ మధ్యలో ఉన్న ఆ యువతి ఊరంతా మెచ్చే నెమ్మదస్తురాలు. ఒకరి జోలికి పోయే మనిషి కాదు. మరి ఈ చావులు ఎవరి పని?

1966లో వచ్చిన ‘ది కాంక్యుబైన్’ నవల ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. రాసినవాడు నైజీరియా రచయిత ఎలెచి అమాడి. ప్రేమకథగా మొదలై, మిస్టరీగా బిగుసుకుని, చివరికి జానపదుల నమ్మకంలో తేలే నవల ఇది. ఊరి వైద్యుడు, జోస్యుడు కూడా అయిన దిబియా అన్యిక చెప్పే జవాబు ఇదీ: పుట్టకముందు ఇహువోమ సముద్రరాజు భార్య. ఆయన వద్దన్నా వినకుండా మనుషుల్లోకి వచ్చింది. ఆమెను పెళ్లాడినవాణ్ణి, పెళ్లాడాలనుకున్నవాణ్ణి ఆయన బతకనివ్వడు. తగిన క్రతువులు చేస్తే ఉంపుడుగత్తెగా ఉండటానికి మాత్రం ఒప్పుకోవచ్చు. నవల పేరు అక్కడిదే.

నీటిలోని మొగుడు

అమాడి 1934లో పోర్ట్ హార్‌కోర్ట్ పట్టణానికి దగ్గరలోని అలూ గ్రామంలో, ఇక్వెర్రె కుటుంబంలో పుట్టాడు. నైజర్ నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ప్రాంతం అది. చేపా, ప్రయాణమూ, వ్యాపారమూ నీటి మీదే. వరదా, పడవ ప్రమాదమూ నీటి నుంచే. అలాంటి చోట నీటికి యజమానులు ఉన్నారని నమ్మడంలో వింతేమీ లేదు.

ఈ భూమ్మీదికి రాకముందు మనిషికి మరో లోకంలో ఒక జోడీ ఉంటుందన్న నమ్మకం పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల కనిపిస్తుంది. ఐవరీ కోస్ట్‌లోని బావులే జాతివారు ఆ అదృశ్య భర్తకూ, అదృశ్య భార్యకూ కొయ్య బొమ్మలు చెక్కించి ఇంట్లో పెట్టుకుని మంచి చేసుకుంటారు. డెల్టా ప్రాంతంలో ఆ జోడీ తరచుగా నీటి దేవత గానీ, నీటి రాజు గానీ. అతిలోక సౌందర్యం, పెళ్లిళ్లు నిలవకపోవడం, పిల్లలు దక్కకపోవడం, అంతుపట్టని జబ్బు... వీటన్నిటి వెనకా ఆ జోడీ అలక ఉందని దిబియాలు తేల్చేవారు. కుజదోషం పేరుతో సంబంధాలు తప్పిపోవడం చూసిన మనకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ అడ్డుపడేది గ్రహం కాదు, అసూయతో రగిలే మొగుడు.

ఈ నీటి దేవతల్లో ఇప్పుడు ఎక్కువ పేరున్నది ‘మామి వాటా’. ఆమె రూపం వెనక ఒక విచిత్రమైన ప్రయాణం ఉంది. 1880ల్లో జర్మనీలోని హాంబర్గ్‌లో, పాములాడించే ఒక ప్రదర్శనకారిణి రంగుల బొమ్మ అచ్చయింది. విరబోసుకున్న జుట్టు, ఒంటికి చుట్టుకున్న పాము. ఆ బొమ్మ నావికుల ద్వారా, వర్తకుల ద్వారా పశ్చిమ ఆఫ్రికా రేవులకు చేరింది. అక్కడివాళ్లు అందులో తమ నీటి దేవతను గుర్తుపట్టారు. 1901 నాటికే పోర్ట్ హార్‌కోర్ట్‌కు దక్షిణాన ఉన్న బోనీ రేవులో, ఆ బొమ్మను చూసి చెక్కిన తలకట్టు ఒకటి ఫొటోకెక్కింది. 1955లో ఘనాలోని కుమాసి వర్తకులు అదే బొమ్మను బొంబాయిలోని శ్రీరామ్ క్యాలెండర్ కంపెనీకి పంపి 12,000 ప్రతులు అచ్చు వేయించుకున్నారు. మన దేవుళ్ల క్యాలెండర్ బొమ్మలు కూడా అటు వెళ్లి, టోగో, బెనిన్ దేశాల్లోని మామి వాటా గుళ్లలో చోటు సంపాదించుకున్నాయి. అమాడి నవలలోని సముద్రరాజుకు ఈ రంగులేవీ అంటలేదు. ఆయన ఊరి పెద్దల నోటి మాటల్లోనే ఉండే పాత దేవుడు. కానీ ఇద్దరినీ పెంచింది నీటి మీద ఉన్న అదే భయం, అదే భక్తి.

అడవిలోంచి ఊళ్లోకి

జానపద కథను నవలలోకి తెచ్చినవాళ్లు అమాడి కన్నా ముందూ ఉన్నారు. డి.ఓ. ఫగున్వా 1938లోనే యొరుబా భాషలో వేటగాడి వింత అడవి యాత్రను నవలగా రాశాడు. 1952లో లండన్‌లో అచ్చయిన ఎమోస్ టుటువోలా ‘ది పామ్ వైన్ డ్రింకార్డ్’లో ఒక ప్రసిద్ధ ఘట్టం ఉంది. వచ్చిన సంబంధాలన్నీ కాదన్న అమ్మాయి, సంతలో కనిపించిన అందగాడి వెంట పడుతుంది. అడవి దారిలో అతడు అద్దెకు తెచ్చుకున్న కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే తిరిగి ఇచ్చేస్తూ పోతాడు. చివరికి పుర్రె మిగులుతుంది. ముక్కూ మొహం తెలియని అందగాడి వెంట వెళ్లి చిక్కుల్లో పడే అమ్మాయి కథను పశ్చిమ ఆఫ్రికాలో ఎన్నో జాతులు ఎన్నో రకాలుగా చెప్పుకుంటాయి.

అమాడి ఈ కథను తిరగేశాడు. ఇక్కడ మనిషి వేషంలో ఉన్నది అమ్మాయి. అయితే ఆ సంగతి ఆమెకే తెలియదు. అద్భుతాల అడవిని పక్కనపెట్టి ఆయన ఒక మామూలు ఊరిని రాశాడు. ఒమొకాచి అనే ఆ ఊళ్లో పొలం గట్ల తగాదాలు, దుంప తోటలు, ఉచ్చులు పన్ని జంతువులను పట్టడం, చిన్ననాడే కుదిర్చిన పెళ్లి, వెన్నెల్లో పాటలు. ఎక్వుయెమెకు ఊహ తెలియని వయసులోనే అహురోలెతో సంబంధం ఖాయమైంది. భర్త మనసు మరలించుకోవాలని ఆమె పెట్టిన వశీకరణ మందు అతణ్ణి పిచ్చివాణ్ణి చేస్తుంది. చెట్టెక్కి కూర్చున్నవాణ్ణి కిందికి దింపగలిగింది ఇహువోమ ఒక్కతే. పుస్తకంలో తెల్లదొర ఎక్కడా కనిపించడు. వలసపాలన తెచ్చిన ఘర్షణ చుట్టూ నవలలు వస్తున్న కాలంలో ఇది సాహసమే.

భౌతికశాస్త్ర పట్టభద్రుడి దేవుళ్లు

అమాడి చదివింది సాహిత్యం కాదు. ఉముఅహియా ప్రభుత్వ కళాశాల తర్వాత ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చదివి 1959లో పట్టా పుచ్చుకున్నాడు. భూమి కొలిచే సర్వేయర్‌గా, పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. సైన్యంలోనూ ఉన్నాడు. ఆయన మిస్టరీ కట్టిన తీరుకు మూలం ఈ చదువులో ఉందని నా అభిప్రాయం.

చావులను మళ్లీ చూడండి. ఎమెనికెకు కొట్లాటలో దెబ్బ తగిలింది, తర్వాత ఛాతీ పట్టేసే జబ్బు చేసింది. ఇహువోమ ఇంటి అరటిగెల కోయబోయిన మదుమె కళ్లలోకి నాగుపాము విషం చిమ్మింది. ఎక్వుయెమెకు తగిలింది ఇహువోమ కొడుకు బల్లుల వేటలో వదిలిన బాణం. ఆ బల్లి కూడా సముద్రరాజును కట్టడి చేసే క్రతువుకు కావలసిన వస్తువే. ఒక్క చావుకైనా ప్రకృతి నియమాన్ని దాటాల్సిన అవసరం రాలేదు. జబ్బు, పాము, పిల్లాడి గురి తప్పడం చాలు. అయినా అన్నీ వరుసగా పెట్టి చూస్తే దిబియా మాటే సరిగ్గా అతుకుతుంది. సముద్రరాజు ఒక్క పేజీలోనైనా ప్రత్యక్షం కాడు. ఆయన ఉన్నాడనడానికి ఆధారం జోస్యుడి మాట, జరిగిన వరుస. అంతే.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి ఆయన తర్వాతి నవల ‘ది గ్రేట్ పాండ్స్’ (1969) సాక్ష్యం. చేపల మడుగు కోసం రెండు ఊళ్లు కొట్టుకుని, తగవును దేవుడి ముందు ప్రమాణానికి వదిలేస్తాయి. ఊళ్ల మీద పడిన మహమ్మారిని అందరూ దైవాగ్రహం అనుకుంటారు. చివర్లో రచయిత అది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అని చెప్పి ముగిస్తాడు.

ఒకే ఏడాది ఇద్దరు స్త్రీలు

1962లో చినువా అచెబె సలహాదారుగా హైన్‌మన్ సంస్థ మొదలుపెట్టిన ‘ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్’లో ‘ది కాంక్యుబైన్’ 25వ పుస్తకం. వెంటనే వచ్చిన 26వది ఫ్లోరా న్వాపా ‘ఎఫురు’. అదీ 1966లోనే. అందులోనూ నాయిక అందగత్తె, వ్యాపారంలో దిట్ట. ఆమెనూ ఒక సరస్సు దేవత ఎంచుకుంటుంది. ఆమెకూ సంసారం నిలవదు. అయితే స్త్రీ రాసిన ఆ నవలలో నాయిక వైపు నుంచి బతుకు కనిపిస్తుంది. భర్తలు పోయినా ఆమె మిగులుతుంది. అమాడి నవలలో చర్చంతా ఆమెను కోరుకున్న మగవాళ్ల గతి గురించే. ఒకే నమ్మకాన్ని ఇద్దరు రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే అంతర్యుద్ధం వచ్చింది. నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రా ప్రభుత్వ నిర్బంధంలో గడిపిన రోజులను అమాడి 1973లో ‘సన్‌సెట్ ఇన్ బయాఫ్రా’గా రాశాడు. 2016లో కన్నుమూశాడు.

ఈ దారి ఆగలేదు. బెన్ ఓక్రి ‘ది ఫేమిష్డ్ రోడ్’ (1991, బుకర్ బహుమతి), అక్వెకే ఎమెజి ‘ఫ్రెష్‌వాటర్’ (2018) పుట్టుకకు ముందున్న లోకంతో తెగని బంధాన్నే కథ చేశాయి. వాటిలో ఆత్మలు పాఠకుడితో నేరుగా మాట్లాడతాయి. వాటి ఉనికి మీద అనుమానానికి తావు లేదు. అమాడి ఆ అనుమానాన్ని చివరిదాకా బతకనిచ్చాడు. నమ్మేవాడికి శిక్షగా, నమ్మనివాడికి దురదృష్టంగా కనిపించేలా ప్రతి చావునూ రాశాడు. మిస్టరీ నవలల్లో నేరస్థుడు దొరికితే కథ ముగుస్తుంది. ఇక్కడ దొరికాడో లేదో తేల్చుకోవాల్సింది చదివినవాళ్లే.