గంజాయి విచారణ సంఘము చెప్పిన పాఠము

చెడ్డవారి నడుమ నున్న మంచివానిని మనవారు ‘గంజాయి వనములో తులసి మొక్క’ యందురు. ఆ సామెతలో గంజాయికి తీర్పు ముందే చెప్పబడినది. అయినను ఆయుర్వేదము ఆ మొక్కకే ‘విజయ’ యని పేరిడి మందులలో చేర్చినది. ఉత్తరదేశమున హోలీ, శివరాత్రి పర్వములందు దాని ఆకును నూరి భంగుగా సేవించుట పూర్వాచారము. ఒకచోట ఔషధము, ఒకచోట పండుగ పానీయము, ఒకచోట నిందావాచకము. ఇట్టి వస్తువును గూర్చి చట్టము చేయవలసివచ్చినప్పుడు దేనిని ప్రమాణముగా గొనవలెను? ఈ ప్రశ్న నూటముప్పది యేండ్ల క్రిందట మన దేశమున తీవ్రముగా విచారింపబడినది.

1893 మార్చిలో విలియం స్ప్రోస్టన్ కెయిన్ అను మద్యపాన విరోధి బ్రిటిషు కామన్సు సభలో గంజాయి ప్రశ్నను లేవనెత్తెను. బెంగాలులో దాని సాగును, అమ్మకమును, ప్రజల నీతికిని ఆరోగ్యమునకును కలుగుచున్న హానిని విచారింపవలెనని అతని కోరిక. భారత ప్రభుత్వము విచారణను దేశమంతటికిని విస్తరించి, జులైలో ఏడుగురు సభ్యుల సంఘమును నియమించెను. మాక్వర్త్ యంగ్ అధ్యక్షుడు. సభ్యులలో మువ్వురు భారతీయులు. సంఘము 1193 మంది సాక్షుల వాఙ్మూలములను గైకొనెను. వారిలో వైద్యులు, ఉద్యోగులు, మిషనరీలు, వర్తకులు, సాగుదారులు కలరు. నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు పరిసరములందు గంజాయి పండుచుండెను గనుక మన సీమయు ఆ విచారణలో చేరినది. 1894లో ఏడు సంపుటములుగా వెలువడిన నివేదిక మూడువేల పుటలను మించినది.

గంజాయి త్రాగినవానికి పిచ్చి యెత్తునని నాడు ప్రబలమైన నమ్మకము. దానికి ఉన్మాదాలయముల లెక్కలే ఆధారము. కాని ఆ లెక్క యెట్లు పుట్టినదో సంఘము ఆరా తీసినది. రోగిని ఆలయమునకు తెచ్చునప్పుడు అతని వివరములను ఒక పట్టికలో వ్రాయవలెను. అందు ‘వ్యాధికి కారణము’ అని ఒక గడి కలదు. ఆ గడిని నింపువాడు తరచు వైద్యుడు కాదు. రోగిని తెచ్చిన పోలీసువాడు. వీధులలో తిరుగు బైరాగి పిచ్చివాడైనచో ‘గంజాయి’ అని వ్రాయుట సులభము. ఆ మాటయే ఆలయపు పుస్తకములోనికి, అచ్చటినుండి వార్షిక నివేదికలోనికి, పిదప పార్లమెంటు ప్రసంగములోనికి ఎక్కినది. ఊహ అంకెయైనది, అంకె సత్యమైనది.

1892లో ఉన్మాదాలయములందు చేర్పబడినవారు 1344 మంది. వారిలో 222 మందికి గంజాయి మొదలగునవి కారణమని వ్రాయబడియుండెను. సంఘము ఆ 222 మంది కథలను ఒక్కొక్కటిగా తిరిగి పరిశీలించినది. వారి ఊళ్లలో బంధువులను విచారింపజేసినది. కడపట, గంజాయి కొంతవరకైన కారణము కావచ్చునని నిలిచినవి 98 మాత్రమే.

మితముగా సేవించువారికి చెప్పుకొనదగిన హాని కనబడలేదనియు, అతిగా సేవించువారికి కీడు తప్పదనియు, అట్టివారి సంఖ్య స్వల్పమనియు సంఘము తేల్చెను. సంపూర్ణ నిషేధమును కాక, లైసెన్సులు, పన్ను, సాగుపై అదుపు సూచించెను. ఆ తీర్పును ఆక్షేపింపరాదని కాదు. గంజాయిపై పన్ను ప్రభుత్వమునకు రాబడియే కదా! భారతీయ సభ్యులలో శశిశేఖరేశ్వర రాయ్, లాలా నిహాల్ చంద్ అను ఇరువురు తమ భిన్నాభిప్రాయమును ప్రత్యేకముగా వ్రాసిరి. అయినను గడిలోని మాటను నమ్మక మనిషి యింటికి పోయి అడిగిన పద్ధతి మెచ్చదగినది.

ఆ పద్ధతిని తరువాతి కాలము మరచినది. 1924-25 నాటి జెనీవా మహాసభయందు ఈజిప్టు ప్రతినిధి తమ దేశమున ఉన్మాదులలో నూటికి ముప్పది మొదలు అరువది వరకు హషీషు ఫలితమే యనెను. అదియు ఉన్మాదాలయపు లెక్కయే. నాటి ఒప్పందమున గంజాయి అంతర్జాతీయ నియంత్రణలోనికి వచ్చినది. 1961 నాటి ఒప్పందము దానిని అత్యంత కఠినమైన నాలుగవ జాబితాలో చేర్చినది. పూతకంకులు లేని ఆకును మాత్రము మినహాయించినది. మన 1985 చట్టమును ఆ దారినే నడచినది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్య సంఘము 27 ఓట్లకు 25 ఓట్లు ఎదురుకాగా గంజాయిని నాలుగవ జాబితానుండి తొలగించెను. భారతదేశము తొలగింపునకే ఓటు వేసినది.

గంజాయి నిరపాయమని దీని యర్థము కాదు. పసి వయసున అలవడినచో మనస్సునకు చేటు కలుగునని నేటి వైద్యశాస్త్రము హెచ్చరించుచున్నది. అయితే మన మన్యమును చూడుడు. 2021లో విశాఖ ఏజెన్సీలో వేలాది ఎకరముల గంజాయి తోటలు నరకబడినవి. ఇరువది కిలోలకు మించి పట్టుబడినచో పదేండ్లకు తక్కువ గాని శిక్ష. మూట మోయువాడు తరచు కూలివాడు. మూటకు సొమ్ము పెట్టినవాడు దూరమున నుండును. పట్టుబడినవారి సంఖ్యయు ఒక గడిలోని అంకెయే. ఆ అంకె వెనుక నున్న మనిషి యింటికి పోయి, ఏల ఈ పనికి దిగితివని అడుగువారు కావలెను. చట్టమును సడలించుటో బిగించుటో ఆ పిమ్మట నిర్ణయింపవలసిన మాట.