27 ఏళ్ళకే "మాజీ": ఓడిపోయిన నాయకులు పెట్టుకున్న అల్యూమ్నై కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక వింత ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. ఎలక్షన్‌లో ఓడిపోయినవాళ్ళనీ, ఇక చాల్లే అని తప్పుకున్నవాళ్ళనీ ఒకచోట చేర్చి సంఘం నడపడం. ఒక కాలేజీ అల్యూమ్నై గ్రూప్ నడపడమే మనకి గగనం. మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు పెట్టేది ఇద్దరు, మిగతా అందరూ మ్యూట్. అలాంటిది, ఒకళ్ళ పార్టీని ఒకళ్ళు ఏళ్ళ తరబడి తిట్టుకున్నవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, చందాలు కట్టించి, పని కూడా చేయించాలంటే? అమెరికాలో 1970 నుంచీ ఇది నడుస్తోంది.

ముందే ఒక మాట. నేను కాంగ్రెస్ అన్న ప్రతిసారీ మన కాంగ్రెస్ పార్టీని గుర్తు తెచ్చుకోకండి. అమెరికా పార్లమెంటు పేరే కాంగ్రెస్. అందులో రెండు సభలు. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది. ప్రతినిధుల సభలో పదవీకాలం రెండేళ్ళే. అంటే ప్రతి రెండేళ్ళకీ ఒక కొత్త బ్యాచ్ "మాజీ"లు పాసౌట్ అవుతుంటారు.

ఆ పాసౌట్ అయినవాళ్ళలో ఒకాయన పేరు జెడ్ జాన్సన్ జూనియర్. ఓక్లహోమా రాష్ట్రం, డెమోక్రాటిక్ పార్టీ. వాళ్ళ నాన్న పేరు కూడా జెడ్ జాన్సనే. ఆయన కూడా 1927 నుంచి 1947 దాకా కాంగ్రెస్ సభ్యుడు. వారసత్వం మన దగ్గరే ఉంటుందనుకోకండి మరి. 1964 నవంబరులో కొడుకు గెలిచేసరికి అతని వయసు 24. సభలో కూర్చోవాలంటే 25 నిండాలని అమెరికా రాజ్యాంగం. డిసెంబర్ 27న 25 నిండాయి, జనవరి మొదటి వారంలో ప్రమాణ స్వీకారం. వారం తేడాలో గట్టెక్కాడు. ఆ సభలో అందరికన్నా చిన్నవాడు అతనే.

రెండేళ్ళు గడిచాయి. 1966 ఎలక్షన్‌లో డెమోక్రాట్లకి 47 సీట్లు పోయాయి. అందులో ఇతనిదీ ఒకటి. 1967 జనవరిలో సభ నుంచి బయటికొచ్చేనాటికి వయసు 27. మనలో చాలామంది ఆ వయసుకి మొదటి ఉద్యోగంలో అప్రైజల్ కోసం మేనేజర్ మొహం చూస్తూ ఉంటాం. ఇతను అప్పటికే "మాజీ".

ఇతను 1974లో చేరిన ఉద్యోగం ఏంటో తెలుసా? మాజీ కాంగ్రెస్ సభ్యుల సంఘానికి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. సభలో ఉన్నది రెండేళ్ళు. మాజీల సంఘాన్ని నడిపింది 1993లో చనిపోయేదాకా, అంటే సుమారు 19 ఏళ్ళు. నాకు ఈ లెక్క చూసినప్పుడు భలే అనిపించింది. సభలో దిగ్గజాలుగా వెలిగినవాళ్ళకి మెంబర్‌షిప్ రశీదులు పంపి, మీటింగులకి పిలిచి, కాలేజీలకి బయల్దేరదీసింది ఒక్కసారే గెలిచిన కుర్రాడు.

సరే, అసలు సంఘం ఎలా మొదలైందో చూద్దాం. ఇద్దరు పెద్దమనుషులు మొదలుపెట్టారు. బ్రూక్స్ హేస్, వాల్టర్ జడ్. ఇద్దరూ 1898లోనే పుట్టారు. ఇద్దరూ 1942 ఎలక్షన్‌లోనే మొదటిసారి గెలిచి 1943 జనవరిలో ఒకేసారి సభలోకి వచ్చారు. సామ్యం అంతటితో సరి. హేస్ దక్షిణాన ఉండే ఆర్కన్సా రాష్ట్రం నుంచి వచ్చిన డెమోక్రాట్, బాప్టిస్టు చర్చిలో పెద్ద మనిషి. జడ్ మిన్నెసోటా నుంచి వచ్చిన రిపబ్లికన్, వృత్తిరీత్యా డాక్టర్, చైనాలో ఏళ్ళ తరబడి మిషనరీ వైద్యం చేసి వచ్చినవాడు, కమ్యూనిస్టు వ్యతిరేకి.

హేస్ ఓటమి గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1957 సెప్టెంబర్. ఆర్కన్సా రాజధాని లిటిల్ రాక్‌లో, అప్పటిదాకా తెల్లవాళ్ళకే పరిమితమైన సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు చేరాలి. కోర్టు చేర్చుకోమంది. గవర్నర్ ఆర్వల్ ఫాబస్ నేషనల్ గార్డ్ దళాలని స్కూలు ముందు నిలబెట్టి అడ్డుకున్నాడు. అప్పుడు ఆ ఊరి కాంగ్రెస్ సభ్యుడైన హేస్ మధ్యలోకి దిగాడు. సెప్టెంబర్ 14న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో గవర్నర్‌కీ ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కీ భేటీ ఏర్పాటు చేశాడు. అది పని చేయలేదు. పది రోజులకి ప్రెసిడెంట్ సైన్యాన్నే పంపాల్సి వచ్చింది.

హేస్‌ని ఇక్కడ హీరోని చేసేయకండి. 1956లో స్కూళ్ళ విలీనం తీర్పుని వ్యతిరేకిస్తూ దక్షిణాది సభ్యులు విడుదల చేసిన ప్రకటన మీద ఆయన సంతకం కూడా ఉంది. పెద్ద విప్లవకారుడేం కాదు, మధ్యేమార్గం మనిషి. కానీ ఆ మధ్యేమార్గం కూడా జనానికి నచ్చలేదు. 1958 నవంబరులో పోలింగ్‌కి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు డేల్ ఆల్ఫర్డ్ అనే కంటి డాక్టర్, వర్ణ విభజనకి మద్దతుదారు, పోటీకి దిగాడు. బ్యాలెట్ మీద ఆయన పేరే లేదు. ఓటర్లే పేరు రాయాలి, లేదంటే స్టిక్కర్ అంటించాలి. అయినా 1,200 పైచిలుకు ఓట్లతో హేస్ ఓడిపోయాడు. స్టిక్కర్ చేతిలో ఓడిపోవడం అంటే ఇదే.

జడ్ ఓటమి అంత నాటకీయం కాదు. 1962లో డోనాల్డ్ ఫ్రేజర్ అనే డెమోక్రాట్ ఓడించాడు, అంతే. ఇరవై ఏళ్ళు సభలో ఉన్నాక ఇల్లు.

మన పెద్దవాళ్ళు అంటారు కదా, ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని. నిన్నటిదాకా వందల ఫోన్లు. ఇవాళ ఒక్కటీ రాదు. ఆఫీసు ఖాళీ చేయాలి, స్టాఫ్ వేరే ఉద్యోగాలు వెతుక్కోవాలి. బ్రిటన్‌లోనూ మాజీ ఎంపీల సంఘం ఒకటి ఉంది. దాని కోసం లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో ఒక అధ్యయనం చేశారు. పదవి పోయాక ఉద్యోగం దొరకడం దగ్గర్నుంచి ఇంట్లో పరిస్థితి దాకా మాజీలు అందులో చెప్పుకున్నారు.

దీనికి జనం దగ్గర జాలి దొరుకుతుందా? అస్సలు దొరకదు. 1942లో జరిగింది వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అప్పుడే దిగింది. ఆ జనవరిలో కాంగ్రెస్ సభ్యులు తమకి పెన్షన్ వచ్చేలా చట్టం చేసుకున్నారు. జనం మండిపడ్డారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ ఊళ్ళో ఒక క్లబ్ వాళ్ళు "కాంగ్రెస్‌కి మూటలు" అని ఉద్యమం పెట్టారు. పాపం పేద కాంగ్రెస్ సభ్యులకి పంపుదాం అంటూ పాత బట్టలు, పాత బూట్లు, చివరికి కట్టుడు పళ్ళు కూడా పోగేశారు. మీమ్ పేజీలు లేని కాలంలో ట్రోలింగ్ అంటే అది. మార్చికల్లా ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. పెన్షన్ మళ్ళీ వచ్చింది 1946లో. గమనించారా, హేస్, జడ్ మొదటిసారి గెలిచింది సరిగ్గా ఈ మూటల గొడవ జరిగిన ఏడాదే. "మాజీలకి ఏదో ఒకటి చేయండి" అని జనాన్ని అడిగితే ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలిసే ఉండాలి.

బహుశా అందుకేనేమో, ఈ సంఘం ప్రభుత్వం డబ్బుతో నడవదు. 1983లో కాంగ్రెస్ దీనికి చార్టర్ ఇచ్చింది. చార్టర్ అంటే గుర్తింపు, బడ్జెట్ కాదు. చందాలు, ఫౌండేషన్ల గ్రాంట్లు, ఏటా ఒక పెద్ద డిన్నర్ పెట్టి స్పాన్సర్ల దగ్గర వసూలు చేసేది, వీటి మీదే బండి నడవాలి. అధ్యక్ష పదవి ఒకసారి డెమోక్రాట్‌కి, తర్వాత రిపబ్లికన్‌కి. ఒకళ్ళ చేతిలోనే ఉంటే రెండోవాళ్ళు గ్రూప్ లెఫ్ట్ కొట్టేస్తారు కదా.

మరి వీళ్ళు చేసే పనేంటి? నాకు బాగా నచ్చింది 1976లో మొదలైన కాలేజీ పర్యటనల కార్యక్రమం. జెడ్ జాన్సన్ హయాంలోదే. ఒక మాజీ డెమోక్రాట్, ఒక మాజీ రిపబ్లికన్, ఇద్దరూ జంటగా ఒక క్యాంపస్‌కి వెళ్తారు. రెండు మూడు రోజులు అక్కడే ఉండి క్లాసుల్లో మాట్లాడతారు, పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్తారు. ఉపన్యాసానికి ఫీజు తీసుకోరు. ఒక్కళ్ళనే ఎందుకు పంపరు? ఒక్కళ్ళు వెళ్తే అది పార్టీ ప్రచారం. ఇద్దరు వెళ్తే ఒకరి కథలో బొక్కలు రెండోవాళ్ళు అక్కడే చూపిస్తారు. పైగా నిక్సన్ రాజీనామా చేసి అప్పటికి రెండేళ్ళే. రాజకీయం అంటేనే కుర్రాళ్ళు మొహం తిప్పుకుంటున్న రోజులు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఎవరైనా సీనియర్ రిజైన్ చేస్తే ముందు కేటీ సెషన్ పెడతాం. ఈ కోడ్ ఎందుకిలా రాశావు, ఈ ఫైల్ ముట్టుకుంటే ఏం పగులుతుంది, చెప్పి వెళ్ళు బాబూ అని. ఓడిపోయిన శాసనసభ్యుడికి నోటీస్ పీరియడ్ ఉంటుంది కానీ కేటీ ఉండదు. ఫలానా బిల్లు ఎందుకు ఆగిపోయింది, రాత్రి రెండింటికి ఎవరు ఎవరికి ఫోన్ చేస్తే ఓటు మారింది, ఇవన్నీ మనిషితోపాటే వెళ్ళిపోతాయి. ఈ సంఘం 1970ల్లో మాజీల జ్ఞాపకాలని ఇంటర్వ్యూలుగా రికార్డ్ చేయించింది. అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. చరిత్ర చదివేవాళ్ళకి నిధి అది.

ఇప్పుడు అసలు చిక్కు. మాజీ దగ్గర మిగిలే ఆస్తులు రెండే, జ్ఞాపకం, పరిచయం. జ్ఞాపకాన్ని కాలేజీకి ఉచితంగా ఇస్తారు సరే. పరిచయానికి వాషింగ్టన్‌లో మంచి రేటు ఉంది. లాబీయింగ్ కంపెనీలు దాన్నే కొంటాయి. పైగా మాజీలకి సభ లోపలికి, సభ్యుల జిమ్‌లోకి కూడా వెళ్ళే హక్కు ఉండేది. ఓటింగ్ జరిగే చోట పాత స్నేహితుడి భుజం మీద చెయ్యేసి మాట్లాడొచ్చన్నమాట. జాక్ అబ్రమాఫ్ లాబీయింగ్ కుంభకోణం బయటపడ్డాక, 2006లో ప్రతినిధుల సభ రూల్ మార్చింది. లాబీయిస్టుగా రిజిస్టర్ అయిన మాజీకి సభలోకీ, జిమ్‌లోకీ ఎంట్రీ లేదు. 2007 చట్టం ప్రకారం సెనేటర్ అయితే రెండేళ్ళు, ప్రతినిధుల సభ సభ్యుడైతే ఒక ఏడాది కాంగ్రెస్‌ని లాబీ చేయకూడదు.

ఒకే మనిషి సోమవారం లాబీయిస్టు, మంగళవారం క్యాంపస్‌లో ప్రజాస్వామ్య పాఠం చెప్పే మాస్టారు కావచ్చు. సంఘం నడిపేవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి అని నా అభిప్రాయం. మాజీలని దూరం పెడితే సంఘమే ఉండదు, కళ్ళు మూసుకుంటే అది లాబీయిస్టుల క్లబ్ అయిపోతుంది. డిన్నర్ స్పాన్సర్ల విషయంలో కూడా ఇదే అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఎవరూ ఊరికే టేబుల్ కొనరు కదా. అయినా ఇద్దరు వేర్వేరు పార్టీల మనుషులు కలిసి ఒక క్లాసుకి వెళ్ళడం అనే పని నిజంగా జరుగుతోంది. ఆ మేరకి నేను దీని వైపే.

మన దగ్గర మాజీ ఎంపీలకి పెన్షన్ మొదలైంది కూడా, యాదృచ్ఛికమే, 1976లోనే. ఇప్పుడది నెలకి 31,000 రూపాయలు, ఐదేళ్ళు దాటిన ప్రతి ఏడాదికీ ఇంకో 2,500. 2018లో ఈ పెన్షన్‌ని సవాలు చేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022లో పంజాబ్ ఒక ఎమ్మెల్యేకి ఎన్నిసార్లు గెలిచినా ఒకే పెన్షన్ అని తేల్చింది. మాజీల గురించి మన టీవీ డిబేట్లలో చర్చ దాదాపు ఇక్కడే మొదలై ఇక్కడే ఆగుతుంది. నేను బీటెక్ చదివిన నాలుగేళ్ళలో మా కాలేజీ ఫెస్ట్‌కి పదవిలో ఉన్నవాళ్ళు చాలామంది వచ్చారు, సన్మానాలు చేయించుకుని వెళ్ళారు. ఓడిపోయినవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఎవరూ పిలవలేదు మరి. వాళ్ళని అడగాల్సిన ప్రశ్నలే ఎక్కువ ఉంటాయి, టికెట్ పోతుందన్న భయం కూడా ఉండదు కాబట్టి జవాబులూ కాస్త సూటిగా వస్తాయి.

అమెరికా సంఘం ఏటా చేసే ఒక పని ఉంది. ఒక రోజు ప్రతినిధుల సభ కాసేపు విరామం ప్రకటిస్తుంది. మాజీలు లోపలికొచ్చి పాత కుర్చీల్లో కూర్చుంటారు. క్లర్క్ హాజరు పిలుస్తాడు. ఒక్కొక్కరూ పలుకుతారు. సంఘం అధ్యక్షుడు ఏడాది రిపోర్టు చదువుతాడు. కిందటి సమావేశం తర్వాత చనిపోయిన మాజీల పేర్లు చదివి మౌనం పాటిస్తారు. ఇదంతా సభ చర్చలతో పాటు అధికారిక రికార్డులో అచ్చవుతుంది. విరామం అయిపోగానే మాజీలు లేచి వెళ్ళిపోతారు, అప్పటి సభ్యులు వచ్చి పని మొదలుపెడతారు.

మీ నియోజకవర్గంలో కిందటిసారి ఓడిపోయిన ఎమ్మెల్యే ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలిస్తే కామెంట్‌లో రాయండి.