ఫ్రాన్స్‌కి పోయిన కొండ కూలీలు, మన్యానికి వచ్చిన అస్సాం రైఫిల్స్



మొదటి ప్రపంచ యుద్ధం అంటే మనకి పరీక్షల కోసం బట్టీ పట్టిన నాలుగు ముక్కలే గుర్తు. 1914, సరాయెవో, వెర్సైల్స్ సంధి, నానాజాతి సమితి. ఆ యుద్ధం ఆఖరి రెండేళ్ళలో కొండల నుంచి వేలమంది ఆదివాసీలు ఫ్రాన్స్ దాకా పోయారని మాకూ మొన్నమొన్నటిదాకా తెలీదు.

1917కల్లా బ్రిటిష్ వాళ్ళకి ఫ్రాన్స్‌లో పనివాళ్ళు చాలలేదు. రోడ్లు వెయ్యాలి, ఓడల సరుకు దించాలి, చెట్లు కొట్టాలి. ఇండియా నుంచి సుమారు 50 వేల మందిని 'లేబర్ కోర్' పేరుతో తీసుకెళ్ళారు. అందులో నాగాలు, లుషాయిలు (ఇప్పుడు మిజోలంటున్నాం), ఖాసీలు, గారోలు, సంతాలులు, ఒరావులు ఉన్నారు. అక్కడ వీళ్ళ వ్యవహారాలకి సలహాదారు లార్డ్ ఆంప్ట్‌హిల్. అంతకుముందు మన మద్రాసు గవర్నర్‌గా చేసినాయనే.

వీళ్ళ చేతికి తుపాకీ ఇవ్వలేదు. యుద్ధం దాటిపోయిన నేల మీద ముళ్ళతీగలు చుట్టడం, పేలకుండా మిగిలిన గుండ్లు ఏరడం వంటి పనులు చేయించారు. ఆ గుండు చేతిలో పేలితే సైనికుడిలాగే చస్తాడు, కానీ పేరు మాత్రం కూలీ! ఫ్రాన్స్‌లో అయెట్ అనే ఊళ్ళో భారతీయ కూలీల సమాధులు, చైనా కూలీల సమాధులు ఒకే చోట ఉన్నాయి.

అందరూ ఇష్టపడి పోయారనుకుంటే పొరపాటు. 1917లో మయూర్‌భంజ్‌లో సంతాలులు ఈ కూలీ భర్తీ మీద తిరగబడ్డారు. మణిపూర్ కొండల్లో కుకీ పెద్దలు మా కుర్రాళ్ళని పంపం అన్నారు. అప్పటికే అక్కడ 'పోతాంగ్' ఉంది. అధికారులొస్తే సామాన్లు మొయ్యాలి. మన వెట్టే, పేరే తేడా. మాట వినలేదని ఊళ్ళు తగలబెట్టారు. దాంతో కుకీలు తిరగబడ్డారు.

యూరప్‌లో 1918 నవంబర్ 11న తుపాకులు ఆగాయి. కుకీ కొండల్లో ఆగలేదు. అసలు పెద్ద దాడి ఆ చలికాలంలోనే మొదలైంది. ఊళ్ళు, గాదెలు, పంటలు కాల్చారు. తిండి లేకుండా చేస్తే లొంగుతారని లెక్క. 1919లో పెద్దలు లొంగాక కొందరిని అస్సాంలో సదియాకి పంపి నిర్బంధించారు. ఇదే సమయంలో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు.

ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన నాగాల సంగతి వేరు. ఊరికీ ఊరికీ పడనివాళ్ళు, ఒకరి భాష ఒకరికి రానివాళ్ళు అక్కడ ఒకే పేరు కింద పనిచేశారు. 1918లో కోహిమాలో నాగా క్లబ్ పుట్టింది. తిరిగొచ్చిన వాళ్ళలో కొందరు, చదువుకున్న ఉద్యోగులు కలిసి పెట్టుకున్నది. 1929లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఆ క్లబ్ వాళ్ళే అర్జీ ఇచ్చారు: మమ్మల్ని కొత్త సంస్కరణల్లో కలపొద్దు, మా బతుకు మేం నిర్ణయించుకుంటాం అని. దాని మీద 20 మంది సంతకాలున్నాయి. నాగా రాజకీయాల గురించి ఎవరు మాట్లాడినా ఈ కాగితం దగ్గరికే వస్తారు.

ఇక మన సంగతి. కుకీలని అణచడానికి వాడిన బలగాల్లో ముఖ్యమైనది అస్సాం రైఫిల్స్. ఆ పేరు దానికి వచ్చిందే 1917లో. సరిగ్గా ఐదేళ్ళకి, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. అక్కడా మంట పెట్టింది కూలీ పనే. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు మీద తహసీల్దార్ బాస్టియన్ జనంతో దాదాపు వెట్టి చేయించాడు. అటవీ ఆంక్షలు ఉండనే ఉన్నాయి. మలబార్ పోలీసుల వల్ల కాకపోయేసరికి 1924లో ఎవరిని దించారో తెలుసా? అస్సాం రైఫిల్స్‌నే! కొండల్లో, అడవుల్లో తిరగడం వాళ్ళకి అలవాటు కదా. ఆ అలవాటు కొంత కుకీ కొండల్లోనే అయ్యింది. మే 7న రాజుని, జూన్‌లో గాం గంటందొరని చంపారు.

చింతపల్లి, కొయ్యూరు, జీకే వీధి వైపు వాళ్ళు గ్రూపులో చాలామందే ఉన్నారు. మీ తాతలు, అవ్వలు ఆ రోడ్డు పని గురించి, ఆ పటాలం గురించి చెప్పిన మాటలేమైనా ఉంటే కింద రాయండి. చిన్న ముక్కైనా సరే. అన్నీ కలిపి ఇంకో పోస్టు పెడతాం.