ఉత్తర తెలంగాణలో పునర్నిర్మాణ శస్త్రచికిత్స: పద్ధతులు, చిక్కులు

కాలిన, తెగిన, రోగంతో వంకరపోయిన, పుట్టుకతోనే లోపమున్న శరీరభాగాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసే వైద్యమే పునర్నిర్మాణ శస్త్రచికిత్స. జనం నోట అది ప్లాస్టిక్ సర్జరీ. కరీంనగర్–వరంగల్ రహదారి మీదున్న హుజూరాబాద్‌లో ఆ మాట అంటే ముందు సినిమా తారల ముక్కులే గుర్తుకు రావచ్చు. ఈ ప్రాంతం నుంచి పెద్దాసుపత్రులకు వెళ్ళేవాళ్ళ కథ వేరు. స్టౌ మంటకు కాలి గదుమ ఛాతీకి అతుక్కుపోయిన ఇల్లాలు, జిన్నింగు మిల్లులో చెయ్యి నలిగిన కూలీ, బావి దగ్గర మోటారు స్టార్టరు పట్టుకుని కరెంటు కొట్టిన రైతు, తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుడు, కవ్వాల్ అడవి అంచున ఎలుగుబంటి మీదపడ్డ మనిషి. సౌందర్య చికిత్సకు ఈ వ్యాసంలో చోటు లేదు.

ఈ వైద్యం చరిత్రను విజయాల వరుసగా చెప్పడం రివాజు. చిక్కుల చరిత్రగా చదివితే మరింత బాగా అర్థమవుతుంది. ప్రతి కొత్త పద్ధతీ ఒక పాత చిక్కును తీసేసింది, మరోదాన్ని వెంట తెచ్చింది.

ముక్కుతో మొదలు

తెగిన ముక్కును ఆకుతో కొలిచి, ఆ మేర చెంప చర్మాన్ని ఒకవైపు మొదలు తెగకుండా లేపి అతికించమని సుశ్రుత సంహిత చెబుతుంది. ఊపిరి ఆడటానికి రెండు గొట్టాలు పెట్టమంటుంది. అతికిన ముక్కు పొట్టిదైతే పెంచాలి, కండ ఎక్కువైతే సరిచెయ్యాలి అని కూడా అందులో ఉంది. అంటే మొదటి ప్రయత్నం సరిగ్గా కుదరకపోవచ్చని ఆనాడే లెక్కలో పెట్టుకున్నారన్నమాట.

తర్వాతి కాలంలో చెంప బదులు నుదుటి చర్మం వాడుకలోకి వచ్చింది. మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎడ్లు తోలిన కావస్‌జీని 1792లో టిప్పు సైనికులు పట్టుకుని ముక్కూ చెయ్యీ కోశారు. పుణె దగ్గర ఒక సంప్రదాయ వైద్యుడు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని నుదుటిమీద పరిచి గీత గీసి, ఆ చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. ఆ కథ బొమ్మతో సహా 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది చదివి సర్జన్ జోసెఫ్ కార్‌ప్యూ 1814లో అదే పద్ధతిని లండన్‌లో చేసి, 1816లో పుస్తకం వేశాడు. పత్రికకు ఎక్కిన పేరు ఎడ్లు తోలినవాడిది. ముక్కు కట్టిన వైద్యుడి పేరు చరిత్రకు మిగల్లేదు.

ఆ ముక్కులకు ఒక లోపముండేది. లోపలివైపు చర్మపు పొర లేకపోవడంతో అవి నెలలు గడిచేకొద్దీ ముడుచుకుపోయేవి. ఇండోర్‌లో పనిచేసిన కీగన్ చుట్టుపక్కల చర్మాన్నే లోపలికి మడిచి పొర కట్టిన తీరును 1900లో ప్రకటించాడు. నుదుటిమీద మచ్చ మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఈ కోతలన్నీ మొదట్లో మత్తు లేకుండానే జరిగాయి. మత్తుమందు చరిత్రలో హైదరాబాద్‌కు పెద్ద చోటుంది. క్లోరోఫారం ప్రమాదం గుండెనుంచా, ఊపిరినుంచా అని తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888లోను, 1889లోను రెండు కమిషన్లు ఇక్కడే కూర్చున్నాయి. ఊపిరినే గమనించాలని పట్టుబట్టిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాదం పూర్తిగా నిలవలేదు. అయితే మెడ కాలి అతుక్కుపోయిన రోగి బల్లమీదికి వచ్చినప్పుడు మత్తు డాక్టరుకు ఇప్పటికీ మొదటి భయం ఊపిరిదే. తల వెనక్కి వంగదు, నోరు పూర్తిగా తెరుచుకోదు, గొంతులోకి గొట్టం దిగదు. అలాంటప్పుడు స్పర్శ పోయే మందు ఇచ్చి ముందు మెడ పట్టును కోసి వదులు చేస్తారు, ఆ తర్వాతే గొట్టం వేస్తారు.

డిచ్‌పల్లి నుంచి కూకట్‌పల్లి దాకా

ఉత్తర తెలంగాణలో ఈ వైద్యానికి అసలు పునాది కుష్ఠు ఆసుపత్రుల్లో పడింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా ఆసుపత్రి నెలకొల్పారు. డబ్బిచ్చి నిలబెట్టిన దాత రాజా నర్సాగౌడ్. అప్పటి మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించేవారు. రోగం కొంత అదుపులోకి వచ్చినా వంకరపోయిన వేళ్ళు మాత్రం అలాగే ఉండేవి.

మోచేతి దగ్గర నరం దెబ్బతింటే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి వేళ్ళు పంజా గోళ్ళలా ముడుచుకుంటాయి. కుష్ఠు చేతిమీద కత్తి పెడితే పుండు మానదని చాలాకాలం నమ్మారు. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన సర్జన్ పాల్ బ్రాండ్ 1940ల చివర వెల్లూరులో ఆ నమ్మకాన్ని బద్దలుకొట్టాడు. పనిచేస్తున్న కండరం స్నాయువును దారి మళ్ళించి, నాలుగు తోకలుగా చీల్చి, నాలుగు వేళ్ళకు కుట్టే పద్ధతికి పేరొచ్చింది. జారిపోయిన పాదానికి కాలి వెనకవైపు స్నాయువును ముందుకు తెచ్చారు. మూతపడని కనురెప్పకు కణత కండరాన్ని వాడారు. ముంబైలో ఎన్.హెచ్. ఆంటియా కుంగిన ముక్కులను లోపలినుంచి చర్మం అతికి లేపాడు.

బ్రాండ్ చెప్పిన మరో మాట అంతకన్నా ముఖ్యమైనది. కుష్ఠు రోగి వేళ్ళు రోగంవల్ల రాలిపోవు. నొప్పి తెలియకపోవడంవల్ల వేడి గిన్నె పట్టుకుని, మేకు గుచ్చుకున్న చెప్పుతో నడిచి, పుండుమీద పుండు పడి అరిగిపోతాయి. సర్జరీతో వేలు చాపడం వస్తుంది, స్పర్శ రాదు. సరిచేసిన చేతితో ఎక్కువ పని చేసి ఎక్కువ గాయపడటం ఈ చికిత్స తెచ్చిన కొత్త చిక్కు. అందుకే ఆపరేషన్‌కు ముందు, తర్వాత కూడా వారాల తరబడి ఫిజియోథెరపీ ఉంటుంది. మెదడు పాత కండరంతో కొత్త పని నేర్చుకోవాలి.

వరంగల్ వడ్డేపల్లిలో పుట్టిన రాణి కుముదినీ దేవి 1958లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. ఆమె తర్వాత నగరానికి మేయరు కూడా అయ్యారు. కుష్ఠు రోగుల చేతులూ కాళ్ళూ సరిచేసే ఆపరేషన్లకు ఆ కేంద్రం పేరుపడింది. వారాల తరబడి కూలి పోతుంటే ఎవరూ ఆపరేషన్‌కు రారని గుర్తించి, జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కూడా రోగికి కొంత సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. అది ముందు 5,000, తర్వాత 8,000 రూపాయలైంది, ఆపైన ఇంకా పెరిగింది. సర్కారు కాగితాల్లో ఇంత తెలివైన ఖర్చు అరుదు.

కాలిన ఒళ్ళు

చర్మం అతకడం పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో స్థిరపడింది. 1869లో రెవెర్దాఁ చిటికెడు చిటికెడు ముక్కలు అతికాడు, 1874లో తీర్ష్ పలచని పొరలు తీశాడు, 1875లో వోల్ఫ్ పూర్తి మందం చర్మం వాడాడు. 1964లో టానర్ జల్లెడలా చిల్లులు పొడిచి పొరను సాగదీసే యంత్రం తెచ్చాక, కొద్ది చర్మంతో పెద్ద పుండును కప్పడం వీలైంది.

పని దగ్గరనుంచి చూస్తే ఇలా ఉంటుంది. తొడకు నూనె రాసి, చర్మాన్ని చెక్కపలకతో బిగువుగా పట్టి, పొడవాటి కత్తిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పొర తీస్తారు. మందం మిల్లీమీటరులో మూడోవంతు అటూఇటూ. కత్తిమీద అది కాగితంలా ముడతలు పడుతుంది. పుండుమీద పరిచి, అంచులు కుట్టి, పైన దూది ఒత్తుగా కడతారు. మొదటి రెండు రోజులు అది కింది ద్రవాన్ని పీల్చుకునే బతుకుతుంది, ఆ తర్వాతే రక్తనాళాలు కలుస్తాయి. ఈలోగా కింద రక్తం గడ్డకట్టినా, చీము చేరినా, కాలు కదిలి పొర జారినా పని చెడినట్టే. కట్టు సాధారణంగా అయిదోరోజు విప్పుతారు. రోగి మాత్రం పుండు గురించి కాదు, తొడ మంట గురించి అడుగుతాడు. చర్మం తీసిన చోట నరాల కొసలు బయటపడి ఉంటాయి, అది మానడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. కాలిన పుండుమీద కట్టుకు ఉడకబెట్టిన ఆలుగడ్డ తొక్కలను, అరటాకును మహారాష్ట్రలో వైద్యులు వాడి ఫలితాలు ప్రకటించారు. అంటని, చవకైన కట్టు కోసం పడిన తపన అది.

పలచని పొర తేలిగ్గా అతుకుతుంది, కానీ ముడుచుకుంటుంది. మందపు చర్మం ముడుచుకోదు, కానీ అతకడం కష్టం. ఈ బేరం నేటికీ తెగలేదు. మెడకు, చంకకు, మోచేతికి అతికాక నెలల తరబడి పట్టీ, కాలరు, బిగుతు దుస్తులు వేసుకోవాలి. రామగుండం ఎండల్లో, 45 డిగ్రీల మే నెలలో, ఒంటికి అంటుకున్న బిగుతు బట్ట రోజంతా వేసుకోమనడం చీటీమీద రాసినంత సులభం కాదు. తిరిగొచ్చే ముడుతలకు రోగి అశ్రద్ధను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరబడి మానని కాలిన మచ్చలో మార్‌జోలిన్ పుండు అనే క్యాన్సర్ పుట్టే ప్రమాదం కూడా ఉంది.

కరెంటు గాయం తీరు వేరు. పైకి అరచేతిలో చిన్న నల్లటి గుంట, పాదంలో మరో గుంట. మధ్యలో ఎముకల పక్కన కండరం ఉడికిపోయి ఉంటుంది. చెయ్యి ఉబ్బి బిగుసుకుంటే గంటల్లో పొడవునా కోసి ఒత్తిడి తగ్గించాలి. ఆలస్యమైతే చెయ్యే తీసెయ్యాల్సి వస్తుంది, మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి రాష్ట్రాన్ని కుదిపేసింది. ఒకరు ఆ నెలాఖరుకే చనిపోయారు. యాసిడ్ గాయంలో తొలి నిమిషాల్లో ధారగా నీళ్ళు పొయ్యడమే తర్వాతి అన్ని ఆపరేషన్ల గతిని నిర్ణయిస్తుంది. 2013లో ఇలాంటి దాడికి శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షను వచ్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకంపై ఆంక్షలు పెట్టి, బాధితులకు కనీసం 3 లక్షల పరిహారం ఇమ్మంది.

ఒళ్ళంతా కాలినవాళ్ళకు అతకడానికి సొంత చర్మమే మిగలదు. 2021లో రోటరీ క్లబ్ సాయంతో ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంకు తెరిచారు. మరణించిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్ళు, వీపు నుంచి పలచగా తీసి, గ్లిజరాల్‌లో దాస్తారు. అది శాశ్వతంగా అతకదు, కొన్ని వారాలపాటు ప్రాణాన్ని కాపాడే కప్పు మాత్రమే.

నలిగిన చెయ్యి

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పెట్టింది పేరు. జిన్నింగు యంత్రంలో గానీ, నూర్పిడి యంత్రంలో గానీ చెయ్యి పడి ఎముకలు, స్నాయువులు బయటపడితే పలచని పొర వాటిమీద బతకదు. కొవ్వుతో, రక్తనాళంతో సహా చర్మపు దిమ్మ కావాలి. మొదటి ప్రపంచయుద్ధంలో హెరాల్డ్ గిల్లీస్ 1917లో చర్మాన్ని గొట్టంగా కుట్టి మెట్లు మెట్లుగా జరిపేవాడు. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ గజ్జ దగ్గరి రక్తనాళం ఆధారంగా చర్మం లేపే పద్ధతి చెప్పారు. జిల్లా స్థాయి ఆసుపత్రికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఇంకా రాలేదు.

దాని ఖరీదు మూడు వారాలు. చెయ్యి గజ్జకు కుట్టి ఉంటుంది. రోగి బట్ట కట్టుకోలేడు, ఒత్తిగిలి పడుకోలేడు, అన్నం మరొకరు తినిపించాలి. భుజం, మోచెయ్యి బిగుసుకుపోతాయి. నిద్రలో చెయ్యి లాగితే మొదలు మెలిపడి దిమ్మ నల్లబడుతుంది. మూడోవారం మొదలు కోసి వేరుచేశాక చేతిమీద కొవ్వు ఉబ్బెత్తుగా ఉండిపోతుంది, దాన్ని పలచన చెయ్యడానికి మరో కోత.

సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టడం వచ్చాక ఆ మూడు వారాలు పోయాయి. జపాన్‌లో కొమత్సు, తమాయ్ పూర్తిగా తెగిన బొటనవేలిని అతికిన సంగతి 1968లో ప్రకటించారు. 1973లో డేనియల్, టేలర్ చర్మాన్ని శరీరంలో ఒకచోటినుంచి మరోచోటికి పూర్తిగా విడదీసి మార్చారు. అయితే ఇక్కడ సగం చచ్చిన దిమ్మ అరుదు, ఎక్కువగా బతికితే మొత్తం, పోతే మొత్తం. మొదటి 48 గంటలు గంటగంటకూ చూడాలి. పాలిపోతే రక్తం రావడం లేదు, నీలిరంగుకు తిరిగితే రక్తం వెనక్కి పోవడం లేదు. రెండోదానికి ఇప్పటికీ జలగలు వాడతారు. జలగ పొట్టలోని ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి మళ్ళీ చీము పట్టించగలదు గనుక యాంటీబయాటిక్ జోడిస్తారు. అర్ధరాత్రి థియేటరు తెరవగల సిబ్బంది ఉన్నచోటే ఈ పని సాగుతుంది. అందుకే హుజూరాబాద్ రోగి ఏరియా ఆసుపత్రినుంచి కరీంనగర్‌కో, వరంగల్ ఎంజీఎంకో, అక్కడినుంచి ఉస్మానియాకో నిమ్స్‌కో చేరతాడు.

దారిలో తరచూ జరిగే తప్పు, తెగిన వేలును నేరుగా ఐసులో వెయ్యడం. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసు నీళ్ళలో ఉంచాలి. అలా చల్లగా ఉంచితే వేలుకు దాదాపు ఒక రోజు గడువుంటుంది. కండరమున్న ముంజేతికి ఆరు గంటలు దాటితే ఆశ తగ్గుతుంది. 2005లో వచ్చిన 108 అంబులెన్సు, 2008లో కరీంనగర్ జిల్లాకు చేరిన ఆరోగ్యశ్రీ ఈ లెక్కను కొంత మార్చాయి.

మిగిలినవి

గ్రహణం మొర్రి చికిత్సలో 1950ల మిలార్డ్ పద్ధతి నేటికీ మూలం. పెదవిని మూడోనెల ప్రాంతంలో, అంగిలిని ఏడాది అటూఇటూ కుడతారు. అంగిలిలో చిల్లు మిగలడం, మాట ముక్కులోంచి రావడం తెలిసిన చిక్కులు. బోదకాలుకు ఉబ్బిన కండంతా కోసి పైన చర్మం అతికే చార్లెస్ ఆపరేషన్ ఇప్పుడు అరుదైపోయింది. ఆ తర్వాత కాలు పుండ్లు పడటమే కారణం.

ఈ ప్రాంతానికి సొంతమైన సమస్య గీత కార్మికులది. తాడిమీంచి పడి వెన్నుపాము తెగితే నడుము కింద స్పర్శ ఉండదు, పిరుదుల దగ్గర ఎముక దాకా పుండ్లు పడతాయి. పక్కనున్న కండరాన్నీ చర్మాన్నీ తిప్పి ఆ గుంట పూడుస్తారు. పుండు తిరగబెట్టడం ఈ ఆపరేషన్‌కు పెద్ద చిక్కు. అందుకే రెండేసి గంటలకోసారి ఒత్తిగిలించే మనిషి ఇంట్లో ఉన్నారా, గాలిపరుపు ఉందా అని సర్జన్లు ముందే అడుగుతారు. లేదంటే కొన్నిసార్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు. చెట్టెక్కేటప్పుడు జారినా పడకుండా ఆపే కాటమయ్య రక్షణ కిట్లను రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో పంచడం మొదలుపెట్టింది.