షాడో మంత్రుల పాత్ర: బ్రిటిష్ పార్లమెంటు అనుభవం

పార్లమెంటరీ వ్యవస్థలో ప్రతిపక్షం చేయవలసిన పనులు రెండు. ప్రభుత్వాన్ని నిలదీయడం ఒకటి. ప్రజలు తీర్పు మారిస్తే వెంటనే పాలన చేపట్టేందుకు సిద్ధంగా ఉండడం రెండోది. ఈ రెండో పనికి బ్రిటన్ షాడో కేబినెట్ అనే ఏర్పాటు చేసుకుంది: ప్రభుత్వంలోని ఒక్కో మంత్రికి దీటుగా ఆ శాఖను చూసే ప్రతిపక్ష సభ్యుడే షాడో మంత్రి. షాడో మంత్రికి బలం హోదా వల్ల రాదనీ, నిర్దిష్ట శాఖ, సభా సమయం, నిధులు, సమాచారం ఉన్నప్పుడే వస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

షాడో కేబినెట్ చట్టం వల్ల పుట్టలేదు, ఆనవాయితీగా ఎదిగింది. 1937 నాటి చట్టం ప్రతిపక్ష నాయకుడికి జీతం కల్పించింది. 1955లో లేబర్ నేత క్లెమెంట్ అట్లీ సహచరులకు శాఖలవారీగా బాధ్యతలు అప్పగించడంతో నేటి రూపం స్థిరపడింది. నాయకుడికీ, కొందరు విప్‌లకూ తప్ప షాడో మంత్రులకు ఎంపీ జీతానికి మించి ఖజానా నుంచి వేతనం అందదు.

అయినా వారి మాటకు విలువ ఉండడానికి కారణాలున్నాయి. కామన్స్ సభ నియమాల ప్రకారం ఒక సెషన్‌లో 20 రోజులు ప్రతిపక్షాలవి. వాటిలో 17 రోజుల ఎజెండాను ప్రధాన ప్రతిపక్ష నాయకుడే నిర్ణయిస్తాడు. 1975 నుంచి ‘షార్ట్ మనీ’ పేరిట ప్రతిపక్ష పార్టీల పార్లమెంటరీ పనికి ప్రభుత్వ నిధులు అందుతున్నాయి. 1964లో మొదలైన సంప్రదాయం ప్రకారం, ప్రధాని అనుమతితో, సార్వత్రిక ఎన్నికలకు ముందు ప్రతిపక్ష ప్రముఖులు ఉన్నతాధికారులతో మాట్లాడవచ్చు.

ఈ సన్నాహం ఫలితం 1997లో కనిపించింది. 1992 నుంచి షాడో ఆర్థికమంత్రిగా పనిచేసిన గోర్డన్ బ్రౌన్, మే 1 పోలింగ్‌లో లేబర్ గెలిచి తాను ఆర్థికమంత్రి అయ్యాక, పోలింగ్ జరిగిన ఐదు రోజులకే వడ్డీరేట్లను నిర్ణయించే అధికారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు అప్పగిస్తున్నట్లు ప్రకటించాడు. అంత పెద్ద నిర్ణయానికి ఆలోచన ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లోనే సాగింది.

పరిమితులు కూడా తక్కువేమీ కావు. సమష్టి క్రమశిక్షణ షాడో మంత్రులకూ వర్తిస్తుంది: 1968లో వలసలపై చేసిన ప్రసంగం కారణంగా షాడో మంత్రి ఈనాక్ పావెల్‌ను అప్పటి ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ హీత్ తొలగించాడు. పార్టీలో నమ్మకం సడలితే ఈ వ్యవస్థ నిలవదు. 2016 జూన్‌లో అప్పటి లేబర్ నేత జెరెమీ కోర్బిన్ షాడో కేబినెట్‌లో అత్యధికులు కొద్ది రోజుల్లోనే రాజీనామా చేశారు.

మన దేశంలో 1977 నాటి చట్టం ప్రతిపక్ష నాయకుడిని గుర్తించింది. 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పనిచేస్తున్నాయి. 2024లో ఒడిశాలో ప్రతిపక్షమైన బిజూ జనతాదళ్ తన శాసనసభ్యులకు శాఖలు పంచి షాడో కేబినెట్ ప్రకటించింది. ప్రయత్నం మెచ్చదగినదే. కానీ ప్రతిపక్షమే ఎజెండా నిర్ణయించుకునే రోజులు లోక్‌సభ నియమాల్లోనే లేవు. శాఖలు పంచుకున్నంత మాత్రాన ప్రత్యామ్నాయ ప్రభుత్వం తయారు కాదు. చట్టసభలు ప్రతిపక్షానికి సొంత సమయాన్నీ, పరిశోధనకు నిధులనూ నియమబద్ధంగా కేటాయించాలి. అప్పుడే షాడో మంత్రి పదవి మనకూ ప్రయోజనకరమవుతుంది.