ఇల్లే ఆసుపత్రి అయిన కథ



ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రిలో చేర్పించాలా, ఇంట్లోనే ఉంచి మందిప్పించాలా అన్న సందేహం మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. "ఆసుపత్రిలో అయితే అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అంటారొకరు. "ఇంటి తిండి, మనవాళ్ళ తోడు ఉంటే సగం జబ్బు అదే పోతుంది" అంటారింకొకరు. ఎవరి మాట వింటే అదే నిజమనిపిస్తుంది. అయితే అనిపించడం వేరు, తేల్చుకోవడం వేరు. ఈ సందేహాన్ని ఒక మొండి జబ్బు విషయంలో 1956లో మద్రాసులో కొందరు డాక్టర్లు నిజంగానే తేల్చి చూశారు. ఆ జబ్బు క్షయ. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

మా అమ్మమ్మ క్షయ అనే మాట నోటితో పలికేది కాదు. "ఆ జబ్బు" అనేది, అంతే. అంత భయం ఎందుకంటే దానికి మందు లేదు. 1882లో జర్మన్ డాక్టరు రాబర్ట్ కాక్ ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని కనిపెట్టాడు. శత్రువెవరో తెలిసింది గాని, దాన్ని చంపే ఆయుధం మరో అరవై ఏళ్ళకి గాని దొరకలేదు. అంతదాకా వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. వాటి కోసమే శానిటోరియాలు కట్టారు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వెలిసిన శానిటోరియం అలాంటిదే. రోగులు నెలల తరబడి, ఒక్కొక్కరు ఏళ్ళ తరబడి అక్కడే ఉండేవారు.

ఆ రోగి ఒక ఇల్లాలైతే ఏమిటి సంగతి? చంకలో బిడ్డని ఎవరికో అప్పగించి వెళ్ళాలి. తిరిగి వచ్చేనాటికి ఆ బిడ్డ తల్లిని గుర్తుపడుతుందో లేదో! సంపాదించే మగవాడైతే పొయ్యి మీదకి కుండ ఎక్కేదెలా? మనం ఆ కష్టాన్ని మరిచిపోకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చింది. అది నిజంగా పనిచేస్తుందా అని బ్రిటన్‌లో ఒక పరీక్ష చేసి 1948లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం 107 మంది రోగులు. 55 మందికి విశ్రాంతితో పాటు మందు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. మందు అందరికీ చాలినంత లేని కాలమది. ఎవరికివ్వాలన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసినట్టుగా నిర్ణయించి కవర్లలో పెట్టి అంటించారు. ఆరు నెలలు తిరిగేసరికి మందు పడ్డవాళ్ళలో నలుగురు, పడనివాళ్ళలో 14 మంది చనిపోయారు.

చీటీలెందుకు అంటారేమో. డాక్టరే ఎంచితే, తనకి తెలియకుండానే కాస్త తేరుకునేలా ఉన్నవాళ్ళని ఒక వైపు, నీరసించినవాళ్ళని మరో వైపు వేయవచ్చు. అప్పుడు గెలిచింది మందో, రోగి ఒంటి బలమో తెలియదు. చీటీకి అభిమానం ఉండదు కదా!

స్ట్రెప్టోమైసిన్‌తో ఒక చిక్కు వచ్చింది. ఒక్క మందే ఇస్తే కొన్నాళ్ళకి సూక్ష్మజీవి దానికి లొంగడం మానేసింది. అందుకని రెండు మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నారు. 1952లో ఐసోనియాజిడ్ అనే చవక మాత్ర కూడా చేతికొచ్చింది.

ఇక మన దేశం సంగతి. రోగులు లక్షల్లో ఉంటే, శానిటోరియంలో మంచాలు వేలల్లో ఉండేవి. అందరికీ మంచం అనేది జరిగే పని కాదు. మరి ఈ మాత్రలు ఇంట్లోనే వేసుకుంటే సరిపోదా? చాలామంది డాక్టర్లు తల అడ్డంగా ఊపారు. పేదవాళ్ళ ఇరుకు ఇళ్ళు, చాలీచాలని తిండి, దగ్గుతున్న మనిషి పక్కనే పసిపిల్లలు. ఇది తేలాలని మద్రాసు ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ దానికి నాయకత్వం వహించారు.

నగరంలోని పేద కుటుంబాల నుంచి 193 మంది రోగులని తీసుకున్నారు. ఇక్కడా చీటీల పద్ధతే. సుమారు సగం మంది శానిటోరియానికి, సగం మంది ఇంటికి. ఇద్దరికీ మందులు అవే. ఐసోనియాజిడ్, దానితో పాటు పి.ఎ.ఎస్. అనే మందు, ఏడాదిపాటు. ఈ పి.ఎ.ఎస్. మోతాదు పెద్దది, మింగితే కడుపులో తిప్పేది. శానిటోరియంలో అయితే నర్సమ్మ ఎదురుగా నిలబడి మింగిస్తుంది. ఇంట్లో ఎవరు? అందుకే కేంద్రం వాళ్ళు చెప్పాపెట్టకుండా ఇళ్ళకి వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. మందు ఒంట్లోకి వెళ్ళిందా లేదా అని మూత్రం పరీక్ష చేసేవారు. ఆ ఇళ్ళలో వేళకి గుర్తుచేసి, బతిమాలి, కోప్పడి మాత్ర మింగించింది ఎవరయి ఉంటారో నేను చెప్పాలా?

ఫలితాలు 1959లో వెలువడ్డాయి. శానిటోరియంలో ఉన్నవాళ్ళు మంచి తిండి తిన్నారు, ఎక్కువ విశ్రాంతి తీసుకున్నారు, బరువూ ఎక్కువ పెరిగారు. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇవేవీ అంతగా లేవు. అయినా జబ్బు తగ్గడంలో రెండు వర్గాలూ ఇంచుమించు సమానమే. నూటికి తొంభైకి అటూ ఇటూగా కోలుకున్నారు. గాలి, విశ్రాంతి చేస్తాయనుకున్న పని మాత్రలు చేశాయన్నమాట.

అంతకంటే పెద్ద భయం ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుందని కదా! ఆ కుటుంబాల వాళ్ళని ఐదేళ్ళు కనిపెట్టి చూశారు. రోగి ఇంట్లో ఉండి మందు తిన్నందువల్ల ఆ ఇంటివాళ్ళకి ఎక్కువ ముప్పేమీ రాలేదు. అంటుకునేది చాలావరకు జబ్బు బయటపడక ముందే, మందు మొదలుపెట్టక ముందే. రోగిని దూరంగా పంపడం కాదు, త్వరగా మందు మొదలుపెట్టడమే కాపుదల అని తేలింది.

1962లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఈ ఇంటి వైద్యం మీదే నిలబడింది. ఎదురుగా ఉండి మందు మింగించే పద్ధతిని కూడా మద్రాసు కేంద్రం 1960లలో పరీక్షించి చూసింది. 1990లలో 'డాట్స్' పేరుతో దేశదేశాలకి పాకిన విధానానికి నాటిన విత్తనాల్లో అదొకటి.

అయితే తిండితో పనే లేదా అని అడుగుతారు మీరు. ఉంది. ఆ కేంద్రమే ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. వాళ్ళు మరికొందరితో కలిసి జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల ఇళ్ళలో ఇంకో పరీక్ష చేశారు. రోగులందరికీ తిండి సరుకులు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళకి మాత్రం కొన్ని ప్రాంతాల్లోనే, మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితం చెప్పారు. సరుకులు అందిన ఇంటివాళ్ళలో కొత్తగా క్షయ రావడం, అందనివాళ్ళతో పోలిస్తే నూటికి 39 వంతులు తగ్గింది. మాత్ర జబ్బుని నయం చేస్తుంది, నిండు కంచం చాలామందికి జబ్బు రాకుండా కాపాడుతుంది.

కనుక రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, బరువు తగ్గుతుంటే, సాయంత్రాలు జ్వరం తగులుతుంటే "మామూలు దగ్గేలే" అని ఊరుకోకండి. కఫం పరీక్ష చేయించండి. క్షయ అని తేలితే ఇంట్లో అందరినీ, పసివాళ్ళతో సహా చూపించండి. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. మామూలు క్షయకి ఆరు నెలలు చాలు. నెలన్నరకే ఒళ్ళు తేలికపడుతుంది, అప్పుడే చాలామంది మానేస్తారు. అక్కడే ప్రమాదం. ఇక రోగి కంచం, గ్లాసు వేరుచేసి మనసు నొప్పించకండి. ఈ జబ్బు కంచాల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, కిటికీలు తెరిచి ఉంచండి.

ముఖ్యంగా మీ ఇంట్లో ఆడపిల్లకో, కోడలికో ఈ జబ్బు వస్తే దాచకండి, పుట్టింటికి తరమకండి. ఇంట్లోనే ఉండి నయం చేసుకోవచ్చని మద్రాసు పేదల ఇళ్ళు ఎప్పుడో రుజువు చేశాయి.