మెనూలో లేని మనిషి

మేం కొందరం తీరిక వేళల్లో రాసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఒకటుంది. కంప్యూటర్లు రాకముందు మనుషులు కాగితమూ కలమూ పెట్టుకుని వాడిన గూఢలిపులను అందులో రాసి చూడొచ్చు, విప్పి చూడొచ్చు. కొత్త వెర్షన్ విడుదలకు ముందు చేయాల్సిన పనుల్లో 'మెనూలో పేర్లు సరిచూడాలి' అన్నది చిట్టచివరిది. వాదన ఎక్కువ జరిగింది దాని మీదే.

సీజర్, పోర్టా, విజెనేర్, ప్లేఫెయిర్. ఈ నాలుగు పేర్లూ చూస్తే నలుగురు ఆవిష్కర్తలనే అనుకుంటాం. కానీ సీజర్ ఒక్కో అక్షరాన్నీ మూడు స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడని చెప్పిన సూటోనియస్, ఆ పద్ధతిని అతనే కనిపెట్టాడనలేదు. ప్లేఫెయిర్ పద్ధతిని 1854లో తయారుచేసింది చార్లెస్ వీట్‌స్టన్. దాన్ని పెద్దల చెవిన వేసి ప్రచారం చేసిన మిత్రుడు లయన్ ప్లేఫెయిర్ పేరు నిలిచిపోయింది.

మధ్యనున్న రెండు పేర్ల వెనక ఒకే మనిషున్నాడు. ఇటలీలోని బ్రెషాకు చెందిన జొవాన్ బత్తిస్తా బెల్లాసో.

సీజర్ పద్ధతిలో ఒక అక్షరానికి బదులు ఎప్పుడూ ఒకే అక్షరం వస్తుంది. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే గుట్టు బయటపడుతుందని 9వ శతాబ్దంలోనే అల్-కిందీ రాశాడు. బెల్లాసో 1553లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో దీనికి విరుగుడు ఉంది. ఇద్దరూ ముందే ఒక మాట అనుకుంటారు. పట్టికలో ఏ వరుస వాడాలో ఆ మాటలోని అక్షరాలే చెబుతాయి. అసలు అక్షరం ఒకటే అయినా ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా మారుతుంది. అనుమానం వస్తే పట్టిక మార్చక్కర్లేదు, మాట మార్చుకుంటే చాలు. మన పాస్‌వర్డ్‌కు దగ్గరి చుట్టమే.

1563లో జంబత్తిస్తా దెల్లా పోర్టా తన పుస్తకంలో అలాంటి పట్టికనే బెల్లాసో ఊసెత్తకుండా వేసుకున్నాడు. మరుసటి ఏడాది బెల్లాసో ఇంకో పుస్తకం తెచ్చి, ఎవరి పేరూ ఎత్తకుండా, తన శ్రమను ఎవరో కాజేశారని వాపోయాడు. 1586లో బ్లేజ్ ద విజెనేర్ ఇంకా గట్టి పద్ధతి రాశాడు. అందులో సందేశమే తనకు తాను తాళంచెవి అవుతుంది. కానీ తర్వాతి కాలం అతని పేరును తెచ్చి, తాళపుమాటను మళ్ళీ మళ్ళీ వాడే తేలిక పద్ధతికి తగిలించింది. 1863లో కసిస్కి దాన్ని ఛేదించే దారి ప్రచురించాడు. విజెనేర్‌కి దక్కిన కీర్తి తనది కాదు, తన అసలు పని మరుగున పడింది.

పేర్లు మార్చేద్దామని నేనన్నాను. 'విజెనేర్ అని వెతికే విద్యార్థికి దొరకదు, పాత పేరుతో పిలిచే స్క్రిప్టులు ఆగిపోతాయి' అన్నారు మిగతావాళ్ళు. ఆ అభ్యంతరాలు నిజమైనవే. నాలుగొందల ఏళ్ళ పొరపాటుకు కూడా వాడుకదారులుంటారు! కానీ జీతం లేని ఈ పనిలో పేరే కదా కూలి. కమిట్ చేసిన ప్రతివాళ్ళ పేరూ పదిలంగా దాచుకునే మనం, బెల్లాసో కూలి ఎగ్గొడితే ఎలా?

చివరికి పాత పేర్లు అలాగే ఉంచాం. ఒక్కోదాని కింద అసలు కర్త పేరు, సంవత్సరం చేర్చాం. విజెనేర్ సొంత పద్ధతికి విడిగా చోటిచ్చాం. మార్పుల జాబితాలో, బగ్ ఫిక్సుల కంటే పైన, మొదటి వరుసలో బెల్లాసో ఉన్నాడు.